చీకట్లో ఎద్దుల బండి ఎంత దూరం కనిపిస్తుంది?

నెల్లూరు–ముంబై రోడ్డు మీద ఆత్మకూరు దాటి, మర్రిపాడు మీదుగా బద్వేలు వైపు రాత్రిపూట ప్రయాణం చేసిన వాళ్లకి ఒక సంగతి తెలిసే ఉంటుంది. రోడ్డు బాగుంటుంది, బండి జోరుగా పోతుంది, రెండు పక్కలా చిల్లకంప తప్ప ఏమీ కనపడదు. ఉన్నట్టుండి లైటు వెలుగులో ఒక చీర అంచు, లేదంటే గొర్రెల కళ్లు, లేదంటే ట్రాక్టర్ ట్రక్కు వెనక చెక్క. బ్రేకు మీద కాలు పడేసరికి గుండె గొంతులోకి వస్తుంది. కారులో ఉన్నవాళ్లకి అది ఒక్క క్షణం భయం. రోడ్డు మీద నడిచేవాళ్లకి అది రోజూ ఉండే బతుకు.

ఈ రోడ్డు పేరు ఇప్పుడు ఎన్‌హెచ్ 67. హుబ్బళ్లి, బళ్లారి, మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు, నెల్లూరు మీదుగా కృష్ణపట్నం ఓడరేవు దాకా పోతుంది. అంటే మా మర్రిపాడు మనిషి పొలానికి పోయే దారి, కర్ణాటక నుంచి ఓడరేవుకి సరుకు పోయే దారి ఒక్కటే. లారీ డ్రైవర్‌కి అది హైవే. మా వాళ్లకి అది బాట. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

మాది మెట్ట. పొగాకు, మినుము, కంది, జొన్న, గొర్రెలు. డి.సి.పల్లిలో పొగాకు వేలం కేంద్రం ఉంది కాబట్టి సీజన్లో చెక్కులు వేసుకున్న ట్రాక్టర్లు వరసగా తిరుగుతాయి. బ్యారన్లకి కట్టెలు తోలే ట్రాక్టర్లు వేరే. ఆకు కొట్టే కూలీలు తెల్లారకముందే బయల్దేరతారు, పొద్దుగూకాక తిరిగొస్తారు. ఉపాధి హామీ పనికి పోయేవాళ్లు గంప, పార నెత్తిన పెట్టుకొని రోడ్డు అంచున వరస కడతారు. ఎద్దుల బండ్లు బాగా తగ్గాయి, నిజమే. ఊరికి ఒకటో రెండో మిగిలాయి. ఆ చోటులోకి లైట్లు లేని ట్రాక్టర్ ట్రక్కు, గడ్డిమోపు కట్టిన మోపెడ్ వచ్చాయి. నెమ్మదిగా పోవడం, వెనక నుంచి కనపడకపోవడం, ఈ రెండు లక్షణాలూ అలాగే ఉన్నాయి.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. ఈ విషయం మీద నాకు పట్టింపు రావడానికి కారణం మా వీధిలో ఉండే ఒకాయన. వరసకి పెదనాన్న. రెండేళ్ల కిందట జొన్నచొప్ప వేసుకొని బండి తోలుకొస్తుంటే, సాయంత్రం ఏడు దాటాక వెనక నుంచి ఏదో వాహనం గుద్ది ఆగకుండా పోయింది. లారీనో, టిప్పరో, ఇప్పటికీ తెలీదు. కుడివైపు కట్టిన వలపటెద్దు అక్కడికక్కడే చచ్చిపోయింది. ఆయనకి తొడ ఎముక విరిగింది. దాపటెద్దుకి గీత కూడా పడలేదు. కానీ ఒంటెద్దుతో ఏం చేస్తాడు? దాన్నీ అమ్మేశాడు. ఇప్పుడు కర్ర పట్టుకొని అదే రోడ్డు మీద నడిచి చేనుకి పోతున్నాడు. అది ఇంకా ప్రమాదం.

లెక్క చాలా చిన్నది

ఇంజనీరింగ్‌లో నేర్చుకున్నది ఎక్కడైనా పనికొస్తుందంటే ఇక్కడే. గంటకి 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. ముందేదో ఉందని కన్ను చూసి, మెదడు గుర్తించి, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి మన రోడ్ల డిజైన్ ప్రమాణాలు ఇచ్చే సమయం రెండున్నర సెకన్లు. అంటే బ్రేకు పడకముందే 55 మీటర్లు అయిపోయాయి. పూర్తిగా ఆగడానికి మొత్తం 120 మీటర్లు కావాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క. 100 కిలోమీటర్ల వేగమైతే 180 మీటర్లు. మరి డిమ్ లైట్ వెలుగు ఎంత దూరం? సుమారు 40, 50 మీటర్లు.

ఇంకొక్కసారి చదవండి. ఆగడానికి కావలసింది 120. కనిపించేది 50. డ్రైవర్ తాగి ఉండక్కర్లేదు, ఫోన్ చూడక్కర్లేదు. మంచి డ్రైవర్ కూడా ఆ రోడ్డు మీద చీకట్లో తాను చూడలేని చోటులోకే బండి తోలుతున్నాడు.

దీనికి ఇంకొకటి తోడవుతుంది. ముందు పోతున్నది ఏదో ఉందని తెలియడం వేరు, అది ఎంత నెమ్మదిగా పోతోందో తెలియడం వేరు. 150 మీటర్ల దూరంలో 60 కిలోమీటర్ల వేగంతో పోయే మోటార్‌ సైకిల్ ఉంటే, 80లో పోయే మీకు దాన్ని అందుకోవడానికి 27 సెకన్లు పడుతుంది. అదే చోట గంటకి నాలుగు కిలోమీటర్లు పోయే ఎద్దుల బండి ఉంటే 7 సెకన్లు. దూరం నుంచి చూసినప్పుడు రెండూ ఒక నల్లటి మచ్చే. కన్ను తేడా పట్టేసరికి ఆ 7 సెకన్లలో సగం అయిపోతాయి.

ఈ లెక్క మీద అరవై ఏళ్ల కిందటే బుర్ర పెట్టినవాళ్లున్నారు. అమెరికాలో ఆమిష్ అని ఒక క్రైస్తవ సమాజం ఉంది. సుమారు 4 లక్షల మంది. పెన్సిల్వేనియా, ఒహాయో, ఇండియానా రాష్ట్రాల్లో ఎక్కువ. సొంత కారు పెట్టుకోరు, గుర్రపు బగ్గీల్లోనే తిరుగుతారు. పక్కన కార్లు మాత్రం అమెరికా కార్లే. మన ఎద్దుల బండి, లారీల కథే కదా ఇది. 1960ల మొదట్లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో కెన్ హార్క్‌నెస్ అనే వ్యవసాయ ఇంజనీర్, ట్రాక్టర్ల వంటి నెమ్మది వాహనాల కోసం ఒక గుర్తు తయారు చేశాడు. నారింజ రంగు త్రికోణం, చుట్టూ ఎర్రటి మెరిసే అంచు. దాని అర్థం ఒక్కటే. ముందున్నది నెమ్మదిగా పోయేది, ఇప్పుడే వేగం తగ్గించు. బగ్గీల వెనక కూడా దాన్నే తగిలించారు.

అందరూ ఒప్పుకోలేదు. ఆమిష్‌లలో బాగా ఛాందసంగా ఉండేవాళ్లు, ఆ రంగు ఆర్భాటం మాకొద్దు, మమ్మల్ని కాపాడేవాడు దేవుడే అన్నారు. కోర్టుల దాకా వెళ్లింది. 1990లో మిన్నెసోటా సుప్రీంకోర్టు, త్రికోణం వద్దనుకుంటే వెండి రంగు మెరిసే టేపు, ఎర్ర లాంతరు పెట్టుకోవచ్చని వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. కెంటకీలో జరిమానా కట్టనివాళ్లు జైలుకి పోయారు. 2012లో అక్కడి చట్టసభ కూడా టేపుకి ఒప్పుకుంది. ఒహాయోలో 2022 నుంచి బగ్గీ మీద పసుపు లైటు వెలిగి ఆరుతూ ఉండాలని చట్టం వచ్చింది. నాకు ఇందులో నచ్చింది ఏంటంటే, అక్కడ ఎవరూ "ఈ రోజుల్లో ఇంకా గుర్రపు బండ్లేంటి, తీసేయండి" అనలేదు. రోడ్డు వాళ్లది కూడా అని ఒప్పుకొని, ఎలా కనపడాలి అన్న దాని మీద మాత్రమే కొట్లాడుకున్నారు.

మన దగ్గర మాట ఇంకోలా ఉంటుంది. "వాళ్లకి రోడ్డు మీద నడవడం రాదు సార్" అంటారు.

రేడియం కాదు, గాజు పూసలు

మన పాత బండ్లకి అడుగున లాంతరు వేలాడేది. రాత్రి సంతకి పోయే బండ్ల వరసలో ఇరుసు కింద ఊగుతూ కనిపించే ఆ దీపాల గురించి మా నాయనమ్మ ఇప్పటికీ చెబుతుంది. కిరోసిన్ పోయింది, లాంతరు పోయింది, దాని చోట ఏమీ రాలేదు. టైరు బండి వచ్చాక చక్రాల చప్పుడు కూడా పోయింది.

దాని చోట రావలసింది మనం రేడియం స్టిక్కర్ అని పిలిచేది. అందులో రేడియం ఏమీ ఉండదు లెండి. సన్నటి గాజు పూసలో, చిన్న చిన్న పట్టకాలో ఉంటాయి. మామూలు అద్దం మీద లైటు పడితే వేరే వైపు పోతుంది. వీటి మీద పడితే వచ్చిన దారినే వెనక్కి పోతుంది. అంటే లారీ హెడ్‌లైట్ వెలుగు తిరిగి లారీ డ్రైవర్ కంటికే చేరుతుంది. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. ఫిన్లాండ్‌లో పాదచారులు బట్టలకి వేలాడదీసుకునే ప్లాస్టిక్ రిఫ్లెక్టర్ ఉంది. దాన్ని 1960ల్లో తయారు చేసిన ఆర్వీ లేహ్తీ మొదట దేనికోసం చేశాడో తెలుసా? తన గుర్రపు బండ్లు చీకట్లో కనపడాలని. బండి కోసం పుట్టింది మనిషి చొక్కాకి చేరింది. చీకట్లో నడిచేవాళ్లు దాన్ని పెట్టుకోవాలని ఇప్పుడు ఫిన్లాండ్ చట్టమే చెబుతోంది.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నేనూ మా బాబాయి కొడుకూ ఒక పని చేశాం. ఊరి లోపలి పంచాయతీ రోడ్డు మీద, బండ్లు తిరగని రాత్రివేళ, మిగిలిన ఒక ఎద్దుల బండిని ఎద్దులు విప్పి నిలబెట్టాం. మోటార్ సైకిల్ డిమ్ లైట్‌తో దూరం నుంచి నెమ్మదిగా వస్తూ, బండి కనపడగానే ఆగి అడుగులు కొలిచాం. టేపు లేకుండా 45 అడుగులకి కనపడింది. మనిషి వేసే అడుగులు, స్కేలు మీదవి కావు. టేపు అతికించాక 200 అడుగులు దాటి లెక్క మానేశాం. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, మోటార్ సైకిల్ లైటు కారు లైటు కాదు. కానీ చుట్టూ నిలబడి చూసిన పెద్దవాళ్లకి నేను గంట చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క రాత్రితో ఎక్కింది. టేపుకి అయింది 180 రూపాయలు.

రంగుల్లో ఒక పద్ధతి ఉంది. వెనక ఎరుపు, ముందు తెలుపు, పక్కల పసుపు. మోటార్ వాహనాల టేపులకి మన దగ్గర ఉన్న నిబంధనా అదే. డ్రైవర్ రంగు చూసి ఇది ముందుకి పోతోందా, ఎదురొస్తోందా, అడ్డంగా ఉందా అని తెలుసుకోవాలి కాబట్టి దొరికిన రంగల్లా అతికించకూడదు. మేం వెనక చెక్క రెండు చివర్లా ఎర్ర టేపు నిలువుగా వేశాం. రెండు చివర్లా ఉంటేనే బండి వెడల్పు తెలుస్తుంది. మధ్యలో ఒక్కటే వేస్తే చీకట్లో అది మోపెడ్ అనుకొని పక్కనుంచి దూరిపోవాలని చూస్తారు.

అతికించాక అసలు కష్టాలు తెలిశాయి. చొప్ప వేసినా, గడ్డి వేసినా మోపు వెనక్కి వేలాడి టేపు మొత్తం మూసేస్తుంది. అందుకని గోనెపట్టా ముక్కకి టేపు కుట్టి, మోపు మీద తాడుకి కట్టేలా చేశాం. దుమ్ము పడితే టేపు మెరవదు. వారానికోసారి తడిగుడ్డతో తుడవాలి. ఎద్దుని కడిగే మనిషికి అది పెద్ద పనేమీ కాదు. మా మామ ఒకాయన మాత్రం "ఏంది అబ్బయా, బండికి పెళ్లి చేస్తా ఉండావా?" అని నవ్వాడు. ఆయన ట్రాక్టర్ ట్రక్కుకి ఇంకా వేయించుకోలేదు.

గొర్రెల కాపర్ల కథ వేరు. నెల్లూరు జోడిపి, పల్లా గొర్రెల మందలు మేత కోసం ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవాలంటే హైవే దాటక తప్పదు. చాలాసార్లు పొద్దుగూకే వేళే దాటతాయి, సరిగ్గా డ్రైవర్ల కంటికి అన్నీ మసకగా ఉండే సమయం. గొర్రెలు కొంత తెలుపు కాబట్టి అవే నయం. వాటి వెనక నల్ల గొంగళి కప్పుకొని నడిచే మనిషి అస్సలు కనపడడు. చలికి గొంగళి తీసేయమని ఎవరూ చెప్పలేరు. కర్ర పైభాగాన జానెడు టేపు చుట్టుకోమనొచ్చు. నడిచేటప్పుడు కర్ర కదులుతుంది, కదిలే మెరుపుని కన్ను తొందరగా పడుతుంది. మందకి ముందొక మనిషి, వెనకొక మనిషి ఉండి, వెనకున్నవాడు టార్చి వెనక్కి తిప్పి పట్టుకుంటే చాలు.

ఇక నడిచేవాళ్లు. మనకి బళ్లో నేర్పింది ఎడమవైపు నడవమని. కాలిబాట లేని రోడ్డు మీద అలా నడిస్తే వెనక నుంచి వచ్చే బండి మనకి కనపడదు. మనలాగే ఎడమవైపు బండ్లు తోలే బ్రిటన్‌లో, కాలిబాట లేనిచోట కుడివైపున, ఎదురొచ్చే బండ్లని చూస్తూ నడవమని వాళ్ల హైవే కోడ్ చెబుతుంది. ఎదురుగా వస్తుంటే కనీసం పక్కకి దూకొచ్చు. అయితే దూకడానికి పక్కన చోటుండాలి. మా దగ్గర ఆ చోటులో చిల్లకంప ఉంది. తారు అంచు దాకా ముళ్ల కొమ్మలు వంగి ఉంటాయి. మనుషులు తారు మీద నడుస్తున్నారని తిట్టే ముందు, ఆ ముళ్లలో చెప్పు లేని కాలు పెట్టి చూడాలి. కంప కొట్టించి, మట్టి పోసి, రెండు పక్కలా నాలుగు అడుగుల బాట చదును చేస్తే, ఈ వ్యాసంలో నేను చెప్పే మిగతా అన్నింటికంటే అదే ఎక్కువ ప్రాణాలు నిలుపుతుందని నా నమ్మకం.

లెక్కల్లో కూడా కనపడరు

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో పాదచారులు 32,825 మంది. మొత్తం మరణాల్లో సుమారు 68 శాతం పల్లె ప్రాంతాల్లోనే. కేంద్ర రవాణా శాఖ నివేదికలో ఇవన్నీ ఉన్నాయి. ఎద్దుల బండి కోసం వెతికితే మాత్రం రిక్షాలు, తోపుడుబండ్లతో కలిపి ఒకే గంపలో వేశారు. డేటాతో పనిచేసేవాణ్ణి కాబట్టి చెబుతున్నా, విడిగా లెక్కపెట్టని దానికి విడిగా బడ్జెట్ రాదు.

అంతకంటే చిక్కు బ్లాక్ స్పాట్ అనే మాటలో ఉంది. సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణమో తీవ్ర గాయమో అయిన ప్రమాదాలు అయిదు జరగాలి, లేదా పది మంది చనిపోవాలి. అప్పుడే జాతీయ రహదారి మీద అది బ్లాక్ స్పాట్ అవుతుంది, సరిచేయడానికి నిధులొస్తాయి. జంక్షన్లకి, మలుపులకి ఈ లెక్క సరిపోతుంది. పల్లె రోడ్డు మీద చావులు అలా ఒకచోట కుప్పపడవు. ఈ కిలోమీటర్ రాయి దగ్గర ఒకరు, ఆ చెరువుకట్ట దగ్గర ఒకరు, రెండేళ్ల తర్వాత బడి ముందు ఒకరు. ఇరవై కిలోమీటర్ల పొడవునా పది మంది పోయినా ఒక్క బ్లాక్ స్పాట్ కూడా పడదు. ప్రమాదం జరిగిన చోటుని పోలీసులు ఫోన్‌లోనే నమోదు చేసే ఐరాడ్ అనే వ్యవస్థని ఐఐటీ మద్రాస్, ఎన్‌ఐసీ కలిసి తయారు చేశాయి. చేతిలో అంత డేటా ఉన్నప్పుడు 500 మీటర్ల గళ్లే ఎందుకు? ఊరి పొడవునా నడిచేవాళ్ల మరణాలు వేరుగా చూపించే మ్యాప్ గీయడం ఒక వారం పని.

పెద్ద ప్రమాదం జరిగితే అందరూ కదులుతారు. 2025 సెప్టెంబరులో ఇదే రోడ్డు మీద సంగం మండలం పెరమన దగ్గర రాంగ్ రూట్లో వచ్చిన టిప్పర్ కారుని ఢీకొట్టి ఏడుగురు చనిపోయినప్పుడు రాష్ట్రమంతా మాట్లాడుకుంది. ఒక్కొక్కరుగా పోయేవాళ్లకి జిల్లా పేజీలో నాలుగు లైన్లు. 'గుర్తు తెలియని వాహనం ఢీకొని' అని మొదలవుతుంది.

ఆ 'గుర్తు తెలియని వాహనం' అన్న మాట ఎఫ్‌ఐఆర్‌లో ఉంటే దాని వెనక ఒక హక్కు ఉందని చాలామందికి తెలీదు. 2022 ఏప్రిల్ 1 నుంచి హిట్ అండ్ రన్ బాధితులకి చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు పరిహారం వస్తుంది. ఢీకొట్టిన బండి దొరకనవసరం లేదు. అర్జీ రెవెన్యూ అధికారుల దగ్గర పెట్టుకోవాలి, మంజూరు చేసేది కలెక్టర్, డబ్బు ఇచ్చేది జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్. 2022లో దేశంలో 67,387 హిట్ అండ్ రన్ ప్రమాదాలు జరిగితే, 2022–23లో వచ్చిన అర్జీలు 205. రెండు వందల అయిదు! ఈ అంకె సుప్రీంకోర్టు ముందుకొచ్చాక, 2024 జనవరిలో కోర్టు ఒక ఆదేశమిచ్చింది. బండి వివరాలు దొరక్కపోతే, ఈ పథకం ఉందని బాధితుల కుటుంబానికి పోలీసులే రాతపూర్వకంగా చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే మీరే అడగండి. ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆస్పత్రి కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్ జాగ్రత్తగా పెట్టుకోండి. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకి ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకు నగదు లేకుండా వైద్యం చేయించే పథకం కూడా ఉంది. దెబ్బ తగిలినవాళ్లని ఆస్పత్రికి చేర్చినవాళ్లని పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. 2019 సవరణ తర్వాత మోటార్ వాహనాల చట్టంలోనే ఆ రక్షణ ఉంది.

పెదనాన్న తరఫున ఆ అర్జీ మేమే పెట్టాం. 50 వేలు వచ్చింది. ఎద్దుకి మాత్రం అందులో పైసా లేదు, చట్టం మనుషుల వరకే. జత కొనాలంటే లక్ష దాటుతుంది.

సంక్రాంతి తర్వాత ఊర్లో పదకొండు ట్రక్కులకి, రెండు ఎద్దుల బండ్లకి టేపు వేశాం. మూడింటికి ఇప్పటికే ఊడిపోయింది, కట్టెలు దించేటప్పుడు రాసుకొని. వాటికి చెక్క మీద కాకుండా ఇనప పట్టీ మీద అతికించి బోల్టు వేయిద్దామని వెల్డింగ్ షాపాయన అన్నాడు. కంప కొట్టించమని అర్జీ పంచాయతీ నుంచి హైవే వాళ్లకి పోయింది. జాతీయ రహదారి మీద ఏ ఇబ్బంది ఉన్నా చెప్పడానికి 1033 నంబర్ ఉంది కదా, దానికి కూడా చెప్పాం. బడి ముందు వేగం తగ్గించే గీతలు వేయమని రెండో కాగితం రాస్తున్నాం. దాని మీద సంతకాలకి మా తమ్ముడు తిరుగుతున్నాడు. పెదనాన్న చేతికర్రకి మాత్రం టేపు నేనే చుట్టాను, పైన జానెడు, కింద జానెడు.